ఒకటి, రెండు తరగతుల పిల్లలకు జిమ్నాస్టిక్స్ వరస ఎలా నేర్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. విశాఖలో మధురవాడ వైపు స్కూలు. ఒకటి, రెండు తరగతులు కలిపి 36 మంది పిల్లలు, మ్యాట్లు నాలుగు, వారానికి 40 నిమిషాల పీరియడ్లు రెండు. మీరు పీఈటీ కాదు, క్లాస్ టీచరు. గంతు వెయ్యమంటే వేస్తున్నారు, దొర్లమంటే దొర్లుతున్నారు. అన్నీ కలిపి ఒక వరసగా చెయ్యమంటే మాత్రం మధ్యలో ఆగి మీ మొహం చూస్తున్నారు. పిల్లిమొగ్గ ఇప్పుడే నేర్పొచ్చా అని అడిగారు. జనవరి 26కి పిరమిడ్ (పిల్లల మీద పిల్లలు ఎక్కేది) వేయించమని స్కూల్లో అంటున్నారని కూడా రాశారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. వరసలో మూడు కదలికలే పెట్టండి. మొదట ఒక నిలకడ, చివర ఒక నిలకడ. మీకున్న సమయంలో సగానికి పైగా ఒక కదలిక ముగిసి ఇంకోటి మొదలయ్యే ఆ మధ్య చోటు మీదే పెట్టండి. ఆ చోటుని నేను అతుకు అంటాను. పిల్లలు ఆగిపోయేది అక్కడే. పిల్లిమొగ్గని మొదటి ఎనిమిది వారాలు వరసలోకి తేకండి. పిరమిడ్ ఈ వయసుకి అసలు వద్దు.

అతుకు దగ్గరే ఎందుకు ఆగుతారంటే, మనం అది నేర్పం కాబట్టి. సోమవారం గంతు నేర్పుతాం, గురువారం దొర్లుడు నేర్పుతాం, మరుసటి వారం "రెండూ కలిపి చెయ్యండి" అంటాం. గంతు నిలబడి ముగుస్తుంది, దొర్లుడు పడుకుని మొదలవుతుంది. నిలబడ్డ పిల్ల పడుకునేదాకా ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. అందుకే చొక్కా కిందికి లాక్కుంటుంది, పక్కవాణ్ణి చూస్తుంది, చతికిలబడి చేతుల మీద వెనక్కి వాలి, అప్పుడు పడుకుంటుంది. అది మతిమరుపు కాదు. దారి తెలియక చేసే పని.

పిల్లలకి ఈ సంగతి చెప్పడానికి సూర్యనమస్కారం కంటే మంచి ఉదాహరణ లేదు. 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా యోగా దినోత్సవం జరిగాక మన ఊళ్ళో చాలామంది పిల్లలకు ఆసనాల పేర్లు నోటికొచ్చు. సూర్యనమస్కారంలో 12 భంగిమలుంటాయి. ఒకటి ఎక్కడ ముగుస్తుందో రెండోది అక్కడే మొదలవుతుంది, మొదటిదీ చివరిదీ ఒకటే. ఒకసారి చేయించి, "మధ్యలో ఎక్కడైనా లేచి నడిచామా?" అని అడగండి. మన వరస కూడా అలాగే సాగాలని చెప్పండి. ఒక్క తేడా, అందులో ఉన్నచోటే ఉంటాం, ఇందులో చోటు మారతాం.

ఒక వరస, అతుకులతో సహా

మొదటి వరసగా ఇది పెట్టుకోండి: నిటారుగా నిలకడ, గంతు, ఎలుగుబంటి నడక, పొర్లుదండం, నక్షత్రం. పొర్లుదండం అంటే గుడి చుట్టూ పెట్టేదే. చేతులు తలపైకి చాచి రోకలిలా బిగదీసుకుని ఒక్క చుట్టు దొర్లడం. మొత్తం 15 నుంచి 20 సెకన్లు పడుతుంది. అంతర్జాతీయ పోటీల్లో మహిళలు నేల మీద చేసే ఫ్లోర్ విన్యాసానికే గరిష్ఠంగా 90 సెకన్లు. ఆరేళ్ళ పిల్లకు 20 సెకన్లంటే తక్కువేం కాదు.

నిలకడ: పాదాలు దగ్గరగా, చేతులు పైకి, చూపు ఎదురుగా. మూడు సెకన్లు కదలకూడదు. "ఒకటి రెండు మూడు" లెక్కపెట్టమంటే పిల్లలు ఒక్క సెకనులో ముగించేస్తారు. బదులుగా "వి... శా... ఖ..." అని అక్షరం అక్షరం సాగదీసి అనిపించండి. మూడు అక్షరాలు, మూడు సెకన్లు. చివరి నక్షత్రం దగ్గరా ఇదే.

గంతు: రెండు పాదాల మీద ఎగిరి రెండు పాదాల మీద వాలడం. ఎత్తు ముఖ్యం కాదు, వాలడం ముఖ్యం. పాదాలు తుంటి వెడల్పున, మోకాళ్ళు వంగి, ఒళ్ళు కాస్త ముందుకు, చేతులు ముందుకు. "నాన్న బండి హ్యాండిల్ పట్టుకున్నట్టు" అంటే చాలు, సరిగ్గా వాలతారు. ఎక్కువగా జరిగే తప్పు, వాలేటప్పుడు మోకాళ్ళు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి తగలడం. "మోకాళ్ళు కాలివేళ్ళ వైపే చూడాలి" అని చెప్పండి. రెండో తప్పు, కాళ్ళు బిగబట్టి మడమల మీద దభీమని వాలడం. ఆ దెబ్బ మోకాళ్ళ నుంచి నడుం దాకా పోతుంది. చప్పుడు వినపడకుండా వాలమంటే ఇది చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. కళ్ళు మూసుకుని వింటే ఎవరు ఎలా వాలారో మీకే తెలుస్తుంది.

మొదటి అతుకు, గంతు నుంచి ఎలుగుబంటికి: వాలినప్పుడు మోకాళ్ళు వంగే ఉన్నాయి కదా. మళ్ళీ లేవనివ్వకుండా అలాగే కిందికి దిగి గొంతుక్కూర్చోవాలి. రెండు అరచేతులూ పాదాలకు జానెడు ముందు నేల మీద ఆనించి, పిరుదులు పైకెత్తితే అదే ఎలుగుబంటి. "వాలు, దిగు, చేతులు" అని మూడు మాటలు. నేర్పాల్సింది ఇంతే, కానీ విడిగా పదిసార్లు చేయించాలి.

ఎలుగుబంటి నడక: నాలుగడుగులు. మోకాళ్ళు నేలకి తగలకూడదు. చేతివేళ్ళు విడదీసి ముందుకు ఉండాలి. పిడికిళ్ళ మీదా వేళ్ళ కొసల మీదా నడిచే పిల్లలుంటారు, మణికట్టు నొప్పి పుడుతుంది. ఈ నడకకు మ్యాటు అక్కర్లేదు, గచ్చు మీదే చెయ్యొచ్చు.

రెండో అతుకు, ఎలుగుబంటి నుంచి బోర్లా పడుకోవడం: దెబ్బలు తగిలేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానించండి. తొందరలో పిల్లలు ముందే చేతులు చాచేస్తారు. ఆసరా పోయి ఛాతీ ధన్‌మని పడుతుంది, గడ్డం తగులుతుంది, నాలుక కరుచుకుంటారు. వరుస ఇలా ఉండాలి: మోకాళ్ళు, మోచేతులు, ఛాతీ, ఆ తర్వాతే చేతులు చాచడం. నోటితో అంటూ చేయించండి. పిల్ల పక్కన కూర్చుని చూడండి. మోచేతులు మ్యాటుకి ఆనేటప్పుడు పక్కటెముకల దగ్గరగా ఉన్నాయా, రెక్కల్లా బయటికి వెళ్ళాయా? బయటికి వెళ్తే ఒంటి బరువు ఆగదు. ఛాతీ ఆనేదాకా తల ఎత్తే ఉండాలి. నుదురు మ్యాటుకి చేరడం అన్నిటికంటే చివర.

పొర్లుదండం: ఇందులో కనపడే తప్పు, బండిచక్రం ఒకటి ఊడినట్టు వంకరగా పోవడం. భుజాలు ఒక వేగంతో, తుంటి ఇంకో వేగంతో తిరిగితే అలా అవుతుంది. కాళ్ళు విడిపోవడం దానికి మూలం. రెండు చీలమండల మధ్య మడతపెట్టిన రుమాలు పెట్టి, అది పడకుండా దొర్లమనండి. మోచేత్తో నేలని తోసుకుని తిరిగేవాళ్ళుంటే రెండు చేతులతో చిన్న బంతి పట్టించండి. చేతులు వాటంతటవే చాచి ఉంటాయి.

ఇక్కడ మ్యాటు కొలత కూడా చూసుకోవాలి. స్కూళ్ళకి వచ్చే మ్యాట్లు చాలావరకు ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. మూడడుగుల తొమ్మిదంగుళాల పిల్ల చేతులు పైకి చాస్తే నాలుగున్నర అడుగులు దాటుతుంది. అడ్డంగా పడుకోబెడితే చేతులో కాళ్ళో గచ్చు మీద ఉంటాయి. అందుకని పొడవునా పడుకుని వెడల్పు వైపు దొర్లాలి. ఒక చుట్టుకి సుమారు రెండడుగులు పోతుంది. ఎడమ అంచున పడుకుంటే కుడి అంచుకి సరిపోతుంది. ఎడమ అంచు వెంట రంగు టేపు అంటించి "ఎలుగుబంటి ఈ దారిలో వస్తుంది" అనండి. నడుమ పడుకున్న ప్రతి పిల్లా రెండో సగంలో మ్యాటు దిగిపోతుంది. మ్యాటు చిన్నదైంది అనుకుంటాం, కానీ పడుకున్న చోటే తప్పు.

మూడో అతుకు, దొర్లడం నుంచి నిలబడడం: చుట్టు పూర్తయ్యేసరికి మళ్ళీ బోర్లా ఉంటారు. చేతులు ఛాతీ పక్కకి తెచ్చుకుని నేలని నొక్కుతూ వెనక్కి జరిగి మడమల మీద కూర్చుని, నుదురు మోకాళ్ళ ముందు ఆనించాలి. ఆసనాలు తెలిసినవాళ్ళకి శశాంకాసనం, మన పిల్లలకి "గుడ్డు". అక్కడ ఒక్క క్షణం. ఇది అందం కోసం పెట్టింది కాదు. దొర్లిన వెంటనే నిలబడితే కళ్ళు తిరిగి తూలతారు, చివరి నక్షత్రం చెడిపోతుంది. తర్వాత తల ఎత్తి, ఒక పాదం ముందుకు వేసి, మోకాలి మీద చెయ్యి ఆన్చకుండా లేవాలి. కాళ్ళూ చేతులూ ఎడంగా చాచి నక్షత్రం. వి... శా... ఖ.

చివరి నుంచి ముందుకు నేర్పండి

ఇది చాలామంది చెయ్యరు, చేస్తే తేడా వెంటనే కనిపిస్తుంది. ముందు "గుడ్డు నుంచి లేచి నక్షత్రం" నేర్పండి. అది వచ్చాక దాని ముందు పొర్లుదండం కలపండి. దాని ముందు ఎలుగుబంటి. అన్నిటికంటే చివర గంతు. ఇలా చేస్తే ప్రతిసారీ పిల్ల కొత్తదాని నుంచి తనకు బాగా వచ్చినదాని వైపు వెళ్తుంది. మనం మామూలుగా నేర్పే పద్ధతిలో మొదటి గంతు వంద సార్లు అవుతుంది, చివరి నక్షత్రం పదిసార్లే అవుతుంది. అందుకే స్టేజీ మీద మొదలు బాగుండి ముగింపు నీరుగారుతుంది.

ఆరేళ్ళ పిల్లకు మూడు కదలికలు, రెండు నిలకడలు అంటే ఐదు విషయాలు. అంతకు మించితే సగం మంది పక్కవాళ్ళని చూసి చేస్తారు. పేర్లు నోటితో అనుకుంటూ చేస్తే ఐదూ నిలుస్తాయి: "నిలకడ, గంతు, ఎలుగుబంటి, రోకలి, నక్షత్రం". అట్ట మీద బొమ్మలు వేసి గోడకి వరసగా అంటించండి. బొమ్మలు మ్యాటుకి ఎదురుగా, పిల్ల కంటి ఎత్తులో ఉండాలి. వెనక గోడకి అంటిస్తే తల తిప్పి చూస్తూ దొర్లుతారు.

మీరు చేసి చూపేటప్పుడు పిల్లలకి ఎదురుగా నిలబడకండి. కుడి ఎడమలు తారుమారవుతాయి. వీపు వాళ్ళ వైపు పెట్టి చేసి చూపండి. దిక్కు చెప్పాల్సి వస్తే "కుడివైపు" బదులు "కిటికీ వైపు", "గేటు వైపు" అనండి. ఒకటో తరగతిలో కుడి ఎడమ ఇంకా స్థిరపడని పిల్లలు చాలామంది ఉంటారు. అది జిమ్నాస్టిక్స్ పీరియడ్లో తేలాల్సిన లెక్క కాదు.

ఒంటితో చెయ్యడం మీకు ఇబ్బందైతే బాగా చేసే పిల్లచేత చేయించండి. వీడియో చూపించాలనుకుంటే, 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో (పరుగెత్తుకొచ్చి బల్ల మీద చేతులాన్చి ఎగిరే అంశం) కాంస్యం తెచ్చిన హైదరాబాద్ అమ్మాయి బుద్ధా అరుణా రెడ్డి వీడియో చూపండి. పల్టీలు చూడనివ్వకండి, పరుగు ముందు ఎలా నిలబడింది, చివర ఎలా వాలింది అనే రెండే చూడమనండి.

36 మంది, నాలుగు మ్యాట్లు

మ్యాటుకి తొమ్మిది మందిని లైనులో నిలబెట్టకండి. ఒక్కొక్కరికి 20 సెకన్ల పని, మూడు నిమిషాల నిరీక్షణ. ఆ మూడు నిమిషాల్లోనే తోపులాటలు, గిల్లుకోవడాలు. పిల్లలు అల్లరివాళ్ళు కాదు, పని లేనివాళ్ళు.

తొమ్మిదేసి మందితో నాలుగు గుంపులు చెయ్యండి. నాలుగు మ్యాట్లూ ఒక్క గుంపుకే ఇవ్వండి. దొర్లడానికి తప్ప మిగతా దేనికీ మ్యాటు అవసరం లేదు. ఒక గుంపు మ్యాట్ల దగ్గర దొర్లుడు, లేవడం. రెండో గుంపు వరండాలో సుద్దగీతల మధ్య ఎలుగుబంటి, పీత నడకలు. మూడో గుంపు గంతు, వాలడం, గొంతుక్కూర్చోవడం. నాలుగో గుంపు గోడ పక్కన వృక్షాసనం, ఒంటికాలి నిలకడలు. ఐదు నిమిషాలకోసారి చప్పట్లు కొట్టి మార్చండి. మ్యాట్ల దగ్గర ఇద్దరు లేదా ముగ్గురికి ఒకటి వస్తుంది: ఒకరు చేస్తారు, మిగతావాళ్ళు చూస్తారు. చూసేవాళ్ళకి ఒకే ప్రశ్న ఇవ్వండి: "గుడ్డు దగ్గర ఆగాడా?" మూడు ప్రశ్నలిస్తే ఒక్కటీ చూడరు.

మీరు మ్యాట్ల దగ్గరే ఉండండి, వీపు గోడకి, మొహం మొత్తం గదికి. మధ్యలో నిలబడితే సగం మంది ఎప్పుడూ మీ వెనకే ఉంటారు.

40 నిమిషాల్లో రావడానికీ సర్దుకోవడానికీ ఐదు, ఒళ్ళు వేడెక్కడానికి ఐదు, గుంపుల పని ఇరవై, మొత్తం వరస అందరూ ఒకసారి చెయ్యడానికి ఏడు, మ్యాట్లు సర్దడానికి మూడు. మొత్తం వరసకి ఏడేనా అనిపిస్తుంది. అతుకులు వచ్చినవాళ్ళకి ఏడు చాలు.

నేల, ఉక్కపోత, బట్టలు

మన ఊరి ఉక్కకి టైల్స్ నేల పొద్దున్నే చెమ్మగా ఉంటుంది. చెమట చేతులతో ఎలుగుబంటి నడిస్తే చేతులు జారి మొహం కొట్టుకుంటుంది. పీరియడ్ ముందు పొడిగుడ్డతో తుడిపించండి, ఇంకో తువ్వాలు చేతులు తుడుచుకోవడానికి ఉంచండి. సాక్సులతో ఎప్పుడూ వద్దు, ఉత్తకాళ్ళే. రెక్సిన్ మ్యాటు ఎండలో అరగంట ఉంటే అరికాళ్ళు కాలతాయి, కాబట్టి ఒంటిపూట బడుల రోజుల్లో మొదటి పీరియడ్ అడిగి తీసుకోండి. మధ్యాహ్న భోజనం తర్వాతైతే కనీసం గంటన్నర ఆగాలి. వానాకాలం మ్యాట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచితే మధ్యలో బూజు పడుతుంది. గోడకి నిలబెట్టి, మధ్య గాలి ఆడేలా ఉంచండి.

మ్యాటు బదులు పాత దూది పరుపు వాడొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు. వద్దు. చేతులు దిగబడతాయి, దూది ఉండలు కట్టిన చోట మణికట్టు మడతపడుతుంది, టైల్స్ మీద పరుపే జారుతుంది. మడత జంపఖానా కూడా జారుతుంది. ముక్కలుగా కలిపే ఫోమ్ పలకలు పొర్లుదండం వరకు సరిపోతాయి, గంతులకీ పిల్లిమొగ్గకీ చాలవు. ఉన్న మ్యాటు పనికొస్తుందో లేదో పిడికిలితో గట్టిగా నొక్కి చూడండి. అడుగున గచ్చు తగిలితే దాని పని అయిపోయింది. బీచ్ ఇసుక మీద చేయిద్దామనే ఆలోచన కూడా వస్తుంది. గంతులకి తడి ఇసుక పర్వాలేదు, గాజుముక్కలూ చిప్పలూ ఏరాకే. దొర్లడం మాత్రం వద్దు, ఇసుకంతా కళ్ళల్లోకి పోతుంది.

పిల్లలొచ్చాక తియ్యించాల్సినవి: గాజులు, పట్టీలు, చెవుల వేలాడే లోలాకులు, గట్టి క్లిప్పులు, మెళ్ళో తాడుకి కట్టిన తాయెత్తు. తాయెత్తు తియ్యడానికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకోకపోతే చొక్కా లోపల టేపుతో ఛాతీకి అంటించండి. చున్నీ తీసేసి, చొక్కా లోపలికి దోపాలి. పెడతల మీద ముడి ఉన్న పిల్ల వెల్లకిలా ఊగలేదు, ముడి నేలకి గుచ్చుకుని తల పక్కకి తిప్పుతుంది. రెండు జడలు కిందికి వదిలి వెయ్యమని ఇంట్లో చెప్పండి.

పిల్లిమొగ్గ ఎప్పుడు?

పెద్దవాళ్ళతో పోలిస్తే పిల్లలకి ఒంటిని బట్టి తల పెద్దది, చేతులు పొట్టివి. ఐదారేళ్ళ పిల్ల చేతులు పైకెత్తితే మోచేతులు తల పక్కనే ఉంటాయి. అందుకే పిల్లిమొగ్గలో చేతులు బరువు మోయకముందే నడినెత్తి నేలకి ఆనుతుంది, బరువంతా మెడ మీద పడుతుంది. సరైన పిల్లిమొగ్గలో నడినెత్తి నేలకి తగలనే కూడదు. ఆనేది పెడతల కింది భాగం, భుజాలు, ఆ తర్వాత వీపు.

ముందు వెల్లకిలా ఊయల రావాలి. గొంతుక్కూర్చుని, మోకాళ్ళు కావిలించుకుని, గుండ్రంగా వెనక్కి ఊగి మళ్ళీ కూర్చోవడం. గడ్డం ఛాతీకి ఆని ఉందో లేదో తెలియడానికి గడ్డం కింద రుమాలు పెట్టండి. పదిసార్లు ఊగినా రుమాలు పడకపోతే ఒక మెట్టు ఎక్కినట్టే. తర్వాత ఊగి, చేతులు నేలకి ఆన్చకుండా పాదాల మీదికి లేవడం. ఆ తర్వాత వాలు: ఒక మ్యాటు మడిచి, దాని మీద ఇంకో మ్యాటు ఒక చివర ఎక్కిస్తే నాలుగైదు అంగుళాల వాలు వస్తుంది. ఎత్తు వైపు నుంచి కిందికి మొగ్గ వేయించండి. ఇదంతా వచ్చాకే చదునైన మ్యాటు.

మీరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చెయ్యి తొడల వెనక వేసి తుంటి పైకెత్తడానికి సాయం చెయ్యండి. రెండో చెయ్యి తల వెనక, తల లోపలికి ఉండేలా. మెడ మీద నొక్కడం, కాళ్ళు పట్టుకుని తొయ్యడం ఎప్పుడూ వద్దు. చెయ్యి ఎక్కడ వేస్తారో ముందే పిల్లకి చెప్పండి. వద్దంటే వద్దు. శీర్షాసనం, తల మీద నిలబడే ఏ పనీ ఈ తరగతులకి వద్దు.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలుంటే డాక్టరు రాతపూర్వకంగా సరే అనేదాకా మొగ్గలు, మెడ వంచే పనులు పెట్టకండి. వాళ్ళల్లో కొందరికి మెడ పైన మొదటి రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది, అది బయటికి కనిపించదు. మూర్ఛ, ఆస్తమా, చెవిలో చీము, ఈమధ్య విరిగిన ఎముక, వీటి గురించి మొదటి వారమే ఇంటికి కాగితం పంపి అడగండి. ఈ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టకండి. గంతు బదులు చేతులు చాచడం, మొగ్గ బదులు పొర్లుదండం, అలా వరస వాళ్ళకీ కుదురుతుంది.

జనవరి 26కి ఏం చెయ్యాలి

పిరమిడ్ సంగతి. కింద చేతులూ మోకాళ్ళ మీద ఉన్న పిల్ల నడుం మీద ఇంకో పిల్ల మోకాళ్ళు. ఆ వయసు వెన్ను ఇంకా ఎదుగుతూ ఉంటుంది, నడుం మధ్యలో బరువు పడితే ఆపే కండ బలం లేదు. ఒకరు కదిలితే అందరూ ఒకేసారి కూలతారు, పైనున్న పిల్ల తల ముందుకి పడుతుంది, కింద గ్రౌండు. పైన చెయ్యి అందించే పెద్దవాళ్ళు కూడా అంతమందిని ఒకేసారి పట్టుకోలేరు. ఇదే మాట మీ హెడ్మాస్టర్ గారికి చెప్పండి, కాదనడమొక్కటే కాకుండా బదులు ఏం చేస్తారో కూడా చూపండి.

బదులు ఇది: 36 మందిని పన్నెండేసి మందితో మూడు వరుసలుగా నిలబెట్టండి. గ్రౌండులో మ్యాట్లు పరవలేం కాబట్టి పొర్లుదండం తీసేసి, ఆ చోట వృక్షాసనం పెట్టండి. నిలకడ, గంతు, ఎలుగుబంటి నాలుగడుగులు, గొంతుక్కూర్చుని లేచి వృక్షాసనం, నక్షత్రం. గంతు నుంచి ఎలుగుబంటికి అతుకు నేర్చినదే, వృక్షాసనం ముందూ వెనకా ఉన్నవి మాత్రం విడిగా నేర్పండి. మొదటి వరుస మొదలుపెట్టిన మూడు సెకన్లకి రెండో వరుస, మళ్ళీ మూడు సెకన్లకి మూడోది. అందరూ గట్టిగా "వి... శా... ఖ" అంటుంటే అదే తాళం. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చినట్టు కనిపిస్తుంది. చివర్లో మూడు వరుసలూ నక్షత్రంలో కలిసి ఆగాలి. అంటే మొదటి వరుస ఆరు సెకన్లు ఎక్కువ నిలబడాలి. నిలకడ బాగా వచ్చినవాళ్ళని ముందు వరుసలో పెట్టండి. పొట్టివాళ్ళని ముందు పెట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు.

జనవరి పొద్దున గ్రౌండు గడ్డి మంచుతో తడిగా ఉంటుంది. రిహార్సల్ కూడా అదే వేళకి, అదే గడ్డి మీద, ఉత్తకాళ్ళతో కనీసం రెండుసార్లు పెట్టండి. మధ్యాహ్నం పొడి నేల మీద బాగా చేసిన పిల్లలు పొద్దున తడిగడ్డి మీద గంతు దగ్గరే జారతారు.

రెండో తరగతి వాళ్ళు ఈ వరస తొందరగా పట్టేస్తే కొత్త కదలికలు కలపకండి. ఉన్నదాన్నే మార్చమనండి: ఒకసారి చాలా నెమ్మదిగా, ఒకసారి వెనక్కి నడిచే ఎలుగుబంటితో, ఒకసారి నక్షత్రం బదులు వాళ్ళకి నచ్చిన భంగిమతో. ఆ చివరి భంగిమ వాళ్ళే ఎంచుకోనివ్వండి. ఎలాంటిదైనా ఎంచుకోనివ్వండి, షరతు ఒక్కటే: మూడక్షరాలూ పలికేదాకా కదలకూడదు.

భయపడే పిల్ల తప్పక ఒకరైనా ఉంటారు. మ్యాటు దాకా వచ్చి ఆగిపోతుంది. చెయ్యి పట్టి లాగకండి, అందరి ముందూ బతిమాలకండి. ఆ రోజుకి ఆమెకి గుడ్డు, నక్షత్రం రెండే ఇవ్వండి. చివరి నుంచి నేర్పుతున్నాం కాబట్టి ఆమె చేసేది కూడా వరస ముగింపే, చప్పట్లు ఆమెకీ వస్తాయి. మరుసటి వారం దాని ముందు ఒక్క అర చుట్టు, వెల్లకిలా నుంచి బోర్లాకి.